అందరి నొప్పీ తెలిసిన పంటి డాక్టరు

మీ ఇంట్లో డెంటల్ కాలేజీలో చదివే అమ్మాయో, అబ్బాయో ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. మొదటి రెండేళ్లు మైనంతో పళ్లు చెక్కుతూ, నమూనా దవడల మీద డ్రిల్లింగ్ నేర్చుకుంటూ హుషారుగానే ఉంటారు. మూడో ఏడాది క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాక ఏదో ఒకరోజు సాయంత్రం ముభావంగా ఇంటికొస్తారు. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటారు. ఏమైందని అడిగితే ఏమీ లేదంటారు.

ఏమీ లేకపోవటం కాదు. నిన్నటి దాకా వాళ్ల చేతి కింద ఉన్నది బొమ్మ పన్ను. ఇవాళ కుర్చీలో ఉన్నది మనిషి. ఆ మనిషికి నొప్పి ఉంది, భయం ఉంది, నోరు తెరిచి ఉంది కాబట్టి చెప్పుకొనే వీల్లేదు. వెనక ప్రొఫెసరు నిలబడి చూస్తుంటారు. పక్క కుర్చీల దగ్గర తోటి విద్యార్థులుంటారు. మత్తు సరిగా ఎక్కక రోగి అరిచినా, పీకుతున్న పన్ను మధ్యలో విరిగినా అది అందరి ముందూ జరిగిపోతుంది. చేతికి పని నేర్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఆ క్షణంలో ఎదుటివారి భయాన్నీ, తన భయాన్నీ ఒకేసారి సంబాళించుకోవటం మాత్రం పుస్తకం చూసి వచ్చే విద్య కాదు.

దీన్నే ఇప్పుడు భావోద్వేగ ప్రజ్ఞ, అంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మానసిక శాస్త్రవేత్తలు దీనికో రూపమిచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో ఈ మాట జనం నోళ్లలోకి వచ్చింది. పేరు కొత్తదే కావచ్చు, అవసరం మాత్రం చాలా పాతది. అదెంత పాతదో తెలియాలంటే మీరు హొరేస్ వెల్స్ జీవితం తెలుసుకోవాలి. మత్తు ఇచ్చి నొప్పి తెలియకుండా పన్ను పీకొచ్చని లోకానికి చూపించటానికి ప్రయత్నించిన పంటి డాక్టరు ఆయన. ఎదుటివారి నొప్పికి విలవిల్లాడిన ఆ మనిషే, తన మనసుకు తగిలిన దెబ్బను తట్టుకోలేకపోయాడు.

కాలేజీ లేని రోజుల్లో...

వెల్స్ 1815 జనవరి 21న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కాస్త కలిగిన కుటుంబమే. మంచి బళ్లలో చదువుకున్నాడు. పందొమ్మిదో ఏట పంటి వైద్యం నేర్చుకోవటానికి బోస్టన్ చేరాడు. అప్పటికి లోకంలో డెంటల్ కాలేజీ అన్నదే లేదు. మొదటిది 1840లో బాల్టిమోర్‌లో వచ్చింది. అంతకుముందు ఎవరైనా అనుభవజ్ఞుడి దగ్గర శిష్యరికం చేయటమే మార్గం. గురువు పక్కన నిలబడి చూడాలి, పనిముట్లు అందించాలి, ఆ తర్వాత తానే చేయాలి. ఒక రకంగా అదంతా క్లినికల్ పోస్టింగే.

1836లో కనెక్టికట్ రాష్ట్ర పట్టణమైన మరో హార్ట్‌ఫర్డ్‌లో సొంత ప్రాక్టీసు పెట్టాడు. త్వరలోనే మంచి పేరొచ్చింది. రాష్ట్ర గవర్నరు కుటుంబం కూడా ఆయన దగ్గరికే వచ్చేది. 1838లో పళ్ల సంరక్షణ గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకం రాశాడు. అదే ఏడాది ఎలిజబెత్‌తో పెళ్లయింది. మరుసటి ఏడాది కొడుకు చార్లెస్ పుట్టాడు. శిష్యులు కూడా వచ్చి చేరారు. వాళ్లలో ఇద్దరి పేర్లు గుర్తుంచుకోండి. ఒకరు జాన్ రిగ్స్, మరొకరు విలియం మోర్టన్.

ముప్పై ఏళ్లయినా నిండకముందే పేరు, సంపాదన, సంసారం, శిష్యులు. బయటినుంచి చూసేవాళ్లకు ఇంకేం కావాలనిపిస్తుంది. లోపల మాత్రం ఒక ముల్లు గుచ్చుతూనే ఉండేది.

కుర్చీలో కూర్చున్నవారి నొప్పి

ఆ కాలంలో పన్ను పీకించుకోవటం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. మత్తు ఇంజెక్షన్ లేదు. రోగిని గట్టిగా పట్టుకోవటం, పటకారు బిగించటం, వీలైనంత వేగంగా లాగెయ్యటం. అంతే. మంచి డాక్టరంటే చేయి వేగం గలవాడు. రోగి అరుపులను పట్టించుకోకపోవటం కూడా ఆ వృత్తిలో ఒక అర్హతలా చెలామణీ అయ్యేది.

వెల్స్ ఆ అరుపులకు అలవాటు పడలేకపోయాడు. రోగులు పడే బాధ ఆయన్ను వెంటాడేది. ఆరోగ్యం బాగాలేక కొన్నాళ్లు ప్రాక్టీసు ఆపటం, మళ్లీ తెరవటం జరుగుతుండేది. ఇక్కడ మనం ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. ఎదుటివారి బాధను గుర్తించగలగటం భావోద్వేగ ప్రజ్ఞలో మొదటి మెట్టు. అది వెల్స్‌కు నిండుగా ఉంది. కానీ గుర్తించిన బాధను లోపలే మోస్తూ పోతే మనిషి అలసిపోతాడు. దాన్నొక పనిగా మార్చుకోవటం రెండో మెట్టు. ఆ అవకాశం ఆయనకు 1844లో ఒక వినోద ప్రదర్శన రూపంలో ఎదురొచ్చింది.

నవ్వుల గ్యాసు

డిసెంబరు 10 రాత్రి. గార్డ్‌నర్ కోల్టన్ అనే ఆయన హార్ట్‌ఫర్డ్‌లో నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో ప్రదర్శన ఏర్పాటు చేశాడు. అదే లాఫింగ్ గ్యాస్. పీల్చినవాళ్లు నవ్వుతారు, గెంతుతారు, చిత్రంగా ప్రవర్తిస్తారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనానికి అదో సరదా. ఈ వాయువు నొప్పిని పోగొడుతుందని, శస్త్రచికిత్సల్లో వాడుకోవచ్చని 1800లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రాశాడు. నలభై నాలుగేళ్లుగా ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు.

ఆ రాత్రి శామ్యూల్ కూలీ అనే మందుల దుకాణం కుర్రాడు గ్యాసు పీల్చి, ఎగిరి, బల్లలకు తగిలి కాలికి గాయం చేసుకున్నాడు. వచ్చి కూర్చున్నాడు. రక్తం కారుతోంది. అతనికి మాత్రం ఆ సంగతే తెలియదు. హాలులో అందరూ నవ్వుతుంటే వెల్స్ ఆ కాలు వంకే చూశాడు. ఏళ్ల తరబడి నొప్పి గురించే ఆలోచిస్తున్న మనిషి కాబట్టే ఆయన కన్ను అక్కడ ఆగింది.

మరునాడే ప్రయోగం. ఎవరి మీద? ఏ రోగి మీదా కాదు, తన మీదే. వెల్స్ కుర్చీలో కూర్చున్నాడు. కోల్టన్ గ్యాసు సంచి అందించాడు. శిష్యుడు రిగ్స్ పటకారు పట్టుకుని గురువు దవడ పన్ను పీకాడు. కాసేపటికి వెల్స్ తేరుకున్నాడు. నొప్పి తెలియలేదు. పంటి వైద్యంలో కొత్త యుగం వచ్చిందని సంబరపడ్డాడు.

అమెరికాలో చాలా డెంటల్ కాలేజీల్లో విద్యార్థులు మొదటి మత్తు ఇంజెక్షన్ ఒకరికొకరు ఇచ్చుకుని నేర్చుకుంటారు. సూది గుచ్చే ముందు, గుచ్చితే ఎలా ఉంటుందో తెలియాలన్నది అందులోని ఒక మేలు. కుర్చీకి అవతలి వైపు కూర్చుని చూడటమనే ఈ పాఠాన్ని వెల్స్ ఎవరూ చెప్పకుండానే ఆచరించాడు. ఆ తర్వాత వారాల్లో పది పదిహేను మందికి గ్యాసు ఇచ్చి పళ్లు పీకాడు. ఎక్కువ మందిలో బాగానే పనిచేసింది. ఇంకొకరైతే పేటెంటు తీసుకుని డబ్బు చేసుకునేవారు. వెల్స్ ఆ ఆలోచన వదిలేశాడు. మనం పీల్చే గాలిలాగే ఇదీ అందరిదీ కావాలనుకున్నాడు. తోటి డాక్టర్లకు గుట్టు దాచకుండా చెప్పాడు.

బోస్టన్‌లో ఒక పూట

1845 జనవరిలో వెల్స్ బోస్టన్ వెళ్లాడు. పాత శిష్యుడు, కొన్నాళ్లు వ్యాపార భాగస్వామి అయిన మోర్టన్ అక్కడే ఉన్నాడు. పెద్ద సర్జన్‌గా పేరున్న జాన్ కాలిన్స్ వారెన్, తన వైద్య విద్యార్థుల ముందు ప్రదర్శన చేయటానికి ఒప్పుకున్నాడు. పన్ను తీయించుకోవటానికి ఒకరు ముందుకొచ్చారు.

హార్ట్‌ఫర్డ్‌లో వెల్స్ చేసింది సొంత క్లినిక్‌లో, తనను నమ్మి వచ్చిన ఊరివాళ్లకు. ఇక్కడ కొత్త ఊరు, కొత్త మనిషి, చుట్టూ తప్పు దొరుకుతుందేమోనని చూసే కళ్లు. పైగా చేతిలో ఉన్నది నెల రోజుల అనుభవమే. ఎవరికెంత గ్యాసు కావాలో, ఎంతసేపు పట్టాలో అప్పటికి లెక్కలు లేవు. నైట్రస్ ఆక్సైడ్ ఎంత త్వరగా ఎక్కుతుందో, సంచి తీసేస్తే అంత త్వరగానూ దిగిపోతుంది. ఆ రోజు సంచిని తొందరపడి ముందే తీసేశారు. పన్ను లాగుతుండగా ఆ వ్యక్తి అరిచాడు.

అంతే. హాలు గొల్లుమంది. ఇదంతా బూటకమంటూ విద్యార్థులు కేకలు వేశారు, ఈలలు వేశారు. అసలు విచిత్రం ఏమిటంటే, అరిచిన వ్యక్తి తనకు పెద్దగా నొప్పి తెలియలేదని తర్వాత చెప్పాడు. మత్తులో ఉన్నవాళ్లు నొప్పి తెలియకపోయినా మూలగటం, అరవటం మామూలేనని ఇప్పటి డాక్టర్లకు తెలుసు. ఆ మాట వినే ఓపిక ఆ పూట అక్కడెవరికీ లేకపోయింది.

ఆ కుర్చీల్లో కూర్చుని నవ్వినవాళ్లు ఎవరో గమనించారా? వైద్య విద్యార్థులు. రేపు తామూ చేయి తడబడేవాళ్లే. తప్పెక్కడ జరిగింది, మళ్లీ ఎలా చేయాలి అని ఒక్కరైనా అడిగి ఉంటే కథ మరోలా ఉండేదేమో. భావోద్వేగ ప్రజ్ఞ అనేది పనిచేసేవాడికే కాదు, పక్కన నిలబడి చూసేవాళ్లకూ ఉండాలి.

వెల్స్ మరునాడే ఊరికి తిరిగొచ్చాడు. అవమానం ఆయన్ను కుంగదీసింది. జబ్బుపడ్డాడు. ఆ ఏప్రిల్‌లో ప్రాక్టీసు ఆపి రోగులను రిగ్స్‌కు అప్పగించాడు. పక్షులతో, ప్రకృతి దృశ్యాలతో ప్రదర్శన పెట్టాడు. స్నానాల షవర్ ఒకటి తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. మధ్యలో పళ్లూ చూశాడు. ఏదీ నిలకడగా సాగలేదు. బోస్టన్‌లో విఫలమైనది ఒక ప్రయోగం. ఆయన దాన్ని తన వైఫల్యంగా మోసుకు తిరిగాడు. నా పని ఇవాళ సరిగా జరగలేదు అనుకోవటానికీ, నేనే పనికిరాను అనుకోవటానికీ మధ్య పెద్ద అగాధం ఉంది. చదువుకునే పిల్లలు చాలామంది తెలియకుండానే ఆ అగాధంలో పడుతుంటారు.

పేరు మరొకరికి...

1846 అక్టోబరు 16. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి. శిష్యుడు మోర్టన్ ఈథర్ అనే మరో మత్తుమందు ఇచ్చాడు. అదే వారెన్ ఒక రోగి మెడ మీది గడ్డను కోశాడు. ఈసారి ప్రయోగం ఫలించింది. కొన్ని నెలల్లోనే వార్త దేశదేశాలకూ పాకింది. మోర్టన్ పేటెంటు కోసం పరుగెత్తాడు. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ జాక్సన్ ఆ ఆలోచన తనదన్నాడు. వెల్స్ తన వాదన వినిపిస్తూ పత్రికకు లేఖ రాశాడు, పారిస్ వెళ్లి అక్కడి పండితుల ముందు విన్నవించుకున్నాడు, 1847లో తన ప్రయోగాల చరిత్రను చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అందరికీ ఉచితంగా ఇద్దామనుకున్న మనిషి, అది తనదేనని రుజువు చేసుకునే తగవులో చిక్కుకుపోయాడు.

1848 జనవరిలో భార్యనూ, ఎనిమిదేళ్ల కొడుకునూ హార్ట్‌ఫర్డ్‌లో వదిలి ఒంటరిగా న్యూయార్క్ చేరాడు. అంతకు రెండు నెలల ముందే ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్‌ను వెలుగులోకి తెచ్చాడు. వెల్స్ దాన్ని తన మీదే ప్రయోగించుకోసాగాడు. పదేపదే పీల్చాడు. అది ఎంత ప్రమాదకరమైనదో అప్పటికి తెలియదు. ఆ ప్రమాదాన్ని తేల్చటానికి 1888, 1889లలో మన హైదరాబాద్‌లోనే నిజాం ఖర్చుతో రెండు కమిషన్లు ప్రయోగాలు చేశాయి. అప్పటికి వెల్స్ పోయి నలభై ఏళ్లు.

మత్తు ఆయన్ను లొంగదీసింది. జనవరి 21న, సరిగ్గా ముప్పై మూడో పుట్టినరోజు నాడు, స్పృహ చెదిరిన స్థితిలో వీధిలోకి వెళ్లి ఇద్దరు స్త్రీల మీద యాసిడ్ పోశాడు. పోలీసులు అరెస్టు చేశారు. మత్తు దిగాక తానేం చేశాడో తెలిసింది. జీవితమంతా ఎదుటివారి నొప్పి పోగొట్టాలని తపించిన చేతులు అవి. ఆ నేరాన్ని ఎవరూ సమర్థించలేరు. ఆయనా సమర్థించుకోలేదు. జనవరి 24న జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు. పారిస్ వైద్య సంఘం ఆయన్ను మత్తు ప్రక్రియకు ఆద్యుడిగా గుర్తించి గౌరవించిందన్న కబురు ఆ తర్వాత గానీ ఇంటికి చేరలేదు.

మిగిలినవి మీరు ఊహించగలరు. 1863లో కోల్టన్ నైట్రస్ ఆక్సైడ్‌ను మళ్లీ పంటి వైద్యంలోకి తెచ్చాడు. వేలాది మంది నొప్పి లేకుండా పళ్లు తీయించుకున్నారు. 1864లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్, 1870లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ ఘనత వెల్స్‌దేనని ప్రకటించాయి. హార్ట్‌ఫర్డ్ పార్కులో విగ్రహం వెలిసింది. బోస్టన్‌లో నవ్వులపాలైన ఆ వాయువునే ఇవాళ ఆక్సిజన్‌తో కలిపి, భయపడే పిల్లలకు పంటి చికిత్స చేసేటప్పుడు ఇస్తున్నారు. ఆలోచన తప్పు కాదు. ఆ పూట చేసిన పద్ధతిలో లోటుంది. దిద్దుకునేదాకా నిలబడటానికి ఆయనకు ఆసరా దొరకలేదు.

మీ పిల్లలకు ఈ కథ ఎందుకు చెప్పాలి?

మెత్తని మనసు వైద్యుడికి బలహీనత అని చాలామంది అనుకుంటారు. వెల్స్ విషయంలో ఆ మెత్తదనమే కొత్త దారి చూపింది. కాబట్టి రోగి బాధ చూసి కళ్లు చెమర్చిన విద్యార్థిని రాయిలా మారమని చెప్పకండి. ఆ మనసుకు తోడు కొన్ని అలవాట్లు నేర్పితే చాలు.

* చెప్పటం, చూపటం, చేయటం: ఏం చేయబోతున్నారో రోగికి మామూలు మాటల్లో చెప్పాలి. పనిముట్టు చూపించాలి. ఆ తర్వాతే చేయాలి. పిల్లల పంటి వైద్యంలో ఎప్పటి నుంచో ఉన్న ఈ పద్ధతి పెద్దల భయాన్నీ తగ్గిస్తుంది.

* చెయ్యెత్తితే ఆపాలి: నోరు తెరిచి ఉన్న రోగి మాట్లాడలేరు. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమని ముందే చెప్పాలి, ఎత్తగానే నిజంగా ఆపాలి. మత్తు పూర్తిగా ఎక్కిందో లేదో చూసుకోకుండా పని మొదలుపెట్టకూడదు. తొందరపడితే ఏమవుతుందో బోస్టన్ చెప్పింది.

* తన మనసును గమనించుకోవాలి: గ్లౌజులు తొడుక్కునే ఆ కొద్ది క్షణాల్లోనే, నాకిప్పుడు భయంగా ఉందా, విసుగ్గా ఉందా అని ప్రశ్నించుకోవాలి. నెమ్మదిగా రెండు మూడు శ్వాసలు తీసుకోవాలి. గుర్తించిన భయం చేతిని అంతగా వణికించదు.

* తప్పు జరిగితే దాచొద్దు: పన్ను విరిగితే వెంటనే ప్రొఫెసరును పిలవాలి. రోగికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సాయంత్రం నోటుబుక్కులో మూడు ముక్కలు రాసుకోవాలి. ఏం జరిగింది, నాకేమనిపించింది, ఈసారి ఏం మారుస్తాను.

* తోటివారి తడబాటుకు నవ్వొద్దు: ఇవాళ మిత్రుడి వంతు, రేపు మీ వంతు. పక్కన నిలబడి దూది అందించినా చాలు, అదీ చికిత్సే.

* అమ్మానాన్నలకు: ఎన్ని కేసులు పూర్తయ్యాయి అని కాకుండా, ఇవాళ్టి పేషెంటు ఎలా ఉన్నారు, నువ్వెలా ఉన్నావు అని అడగండి. చెబుతుంటే మధ్యలో తీర్పులివ్వకండి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి సరిగా లేకపోయినా, కాలేజీకి వెళ్లనని మొండికేస్తున్నా, నిద్రమాత్రలో, మత్తు పదార్థాలో వాడుతున్నారని అనిపించినా, చచ్చిపోవాలన్న మాట నోటి వెంట వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులకు చూపించండి. టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు.

చివరగా మీకోసం ఒక మాట. చవగ్గా చూస్తారని మనలో చాలామంది డెంటల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తుంటాం. ఈసారి కుర్చీలో కూర్చున్నప్పుడు, మాస్కు వెనక ఉన్నది మీ పిల్లల వయసు మనిషేనని గుర్తు తెచ్చుకోండి. పని అయ్యాక నొప్పి తెలిస్తే తెలిసిందని, తెలియకపోతే తెలియలేదని నెమ్మదిగా చెప్పండి. ఆ రాత్రి ఒక ఇంట్లో ఒకరు కడుపునిండా అన్నం తింటారు.